మానేసినవాళ్ళను అడిగిన మేడం

మొన్న సూదిమందుకు ముందు నర్సు దూదితో చెయ్యి తుడవగానే స్పిరిట్ వాసన గుప్పుమంది. విమల మేడం గుర్తొచ్చింది. ల్యాబు నుంచి వస్తే ఆవిడ చీరంతా అదే వాసన.

ఆవిడ హైదరాబాదు ప్రొఫెసరు. ఈ దీవుల్లో, డిగ్నాబాద్‌లోని మా ముందుగది అద్దెకు తీసుకుంది. చేపలు పట్టే ఇళ్ళ ఆడపిల్లలను సైంటిస్టులను చెయ్యాలని ఇక్కడి సముద్ర పరిశోధన కేంద్రంలో ఒక పథకం పెట్టారు. అది నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చడం ఆవిడ పని. మా మనవరాలు పావని పిహెచ్‌డి ఆ పథకం కిందే. పథకం బాగాలేదని మేడం రాస్తే పిల్ల చదువు ఆగిపోతుంది. అందుకే అద్దె తగ్గించలేదు కానీ, రోజూ చేపల పులుసు పంపాను.

ఒకరోజు పావనికి అన్నం పట్టుకుని జెట్టీకి వెళ్ళాను. ఆ కేంద్రం పెద్దసారు మేడంతో, “చూడండి, సగంమంది అమ్మాయిలే!” అంటున్నాడు. అప్పుడే పడవ వచ్చింది. మగపిల్లలు బకెట్లతో దిగారు. ఆడపిల్లలు ఒడ్డున బేసిన్ల చుట్టూ కూర్చుని, వాళ్ళు తెచ్చిన సముద్రపు పురుగూ పుట్రా ఏరడం మొదలెట్టారు.

“నువ్వెప్పుడు వెళ్తావు పావనీ?” అంది మేడం.

“మా ఇళ్ళల్లో ఆడోళ్ళు పడవెక్కరు మేడం. సార్ కూడా, రహనే దో, లడకే జాయేంగే, మీరుండండి మగపిల్లలు వెళ్తారులే అంటారు.”

“నేనూ మా అత్తా ఒడ్డునే చేపలు ఏరినాం. తప్పేటి?” అన్నాను.

“తప్పు కాదమ్మా. ఎక్కడ వెతకాలో పడవలోవాళ్ళే నిర్ణయిస్తున్నారు. పరిశోధన పేపరు మీద ముందు వాళ్ళ పేరే ఉంటోంది” అంది మేడం.

పావని మళ్ళీ బేసిన్‌లో ఏరడం మొదలెట్టింది.

మధ్యలో మానేసిన పిల్లలేరని మేడం అడిగితే పెద్దసారుకు తెలియలేదు. ఆవిడే బస్సెక్కి రంగత్ వెళ్ళి, ఒక పిల్ల ఇంట్లో కూర్చుని ఎందుకు మానేసిందో విని వచ్చింది.

“బాగుందని రాసీండి మేడం. పిల్ల నోటికాడ కూడు” అని బతిమాలాను.

“అలా రాస్తే మీ పావని ఎప్పటికీ ఒడ్డునే ఉంటుంది.”

మర్నాడు నేను పులుసు పంపలేదు. ఆవిడే వచ్చి తలుపు తట్టింది. “పులుసు లేదా అమ్మా?”

“పులుసు పథకం ఆగిపోనాది” అన్నాను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. రాయాల్సిందే రాసింది.

ఆ రిపోర్టుతో పిల్లల పథకం ఆగింది. పావని కొన్ని నెలలు చదువు లేక ఇంట్లో కూర్చుంది. తిరిగి మొదలైనప్పుడు ఆడపిల్లలూ సముద్రం మీదికి వెళ్ళాలన్నారు. జెట్టీ దగ్గర మా మరిది, “గంగమ్మకి కోపం వస్తాది వదినా!” అని అరిచాడు. “గంగమ్మ ఆడది కాదేటి? ఎక్కవే” అన్నాను. పావని ఎక్కింది.

ఇప్పుడు మా మహిళా సంఘంలో అందరూ మీటింగుకు వచ్చినవాళ్ళను చూసి మురిసిపోతారు. నేను మాత్రం రావడం మానేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఎందుకు మానేశావని అడుగుతాను. అడగడం తేలికే. వాళ్ళు చెప్పేదాకా నోరు మూసుకుని వినడమే నాకిప్పటికీ కష్టం.