ఊ కొట్టని లెసియెలి

టోంగాలో డాక్టరు మాటకు ఎదురాడటం మర్యాద కాదు. ఆయన ఏమన్నా "ఊ" అని తల వంచి, గుమ్మం దాటాక ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. అక్కడి వవావు దీవిలో ఆసుపత్రికి వచ్చే వాళ్లందరిదీ అదే తీరు. చెట్టు బెరడును కొట్టి గుడ్డ చేసే లెసియెలి మాత్రం ఎవరికీ ఊ కొట్టే రకం కాదు. ఆమె నోటికి దేవుడు తలుపు పెట్టడం మరిచాడని ఊళ్లో ఎగతాళి.

ఆమె చెల్లెలు లూపె ఊ కొట్టీ కొట్టీ, ఒకనాడు పనిలో కూర్చున్నదల్లా పక్షవాతం వచ్చి ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు. రక్తపోటు మాత్రలు డబ్బాలో ఉన్నవి ఉన్నట్టే దొరికాయి. ఇప్పుడు లెసియెలికీ అదే రక్తపోటు.

"మాత్రలు వేసుకుంటున్నావా అత్తా?" అన్నాడు డాక్టర్ హావిలి, ఆమె చేతికి రక్తపోటు చూసే పట్టీ చుడుతూ.

"లేదు."

అతను పట్టీ వదిలేశాడు. "చెల్లెలిలాగే పోవాలనుందా? ఎందుకింత మొండితనం?"

"మొండిదాన్నే! మా లూపె మంచిది, నీకు ఊ కొట్టింది. ఏమైంది? ఎందుకు మింగట్లేదని దాన్ని ఒక్కసారైనా అడిగావా?"

హావిలి ముఖం కందిపోయింది. "సరే, ఇప్పుడడుగుతున్నా. ఎందుకు?"

"రేపు మా పాకకొచ్చి కూర్చో."

వెళ్లాడు. ఆడవాళ్లు పొడవాటి దిమ్మ ముందు వరసగా కూర్చుని, కొయ్యసుత్తులతో బెరడును ఒకే లయలో కొడుతున్నారు. ఒకరు లేస్తే అందరి చేతులూ తడబడతాయి.

"నీ మాత్ర మింగితే పొద్దంతా ఒంటికి పరుగే. దొడ్డేమో చర్చి వెనకాల. వీళ్లు ఊరుకుంటారా?" అంది లెసియెలి.

"కుండకు చిల్లు పడిందంటాం," అని ఒకావిడ అనగానే పాకంతా గొల్లుమంది.

"అయినా నొప్పి లేని రోగానికి మందేంటి?" అంది లెసియెలి.

హావిలి నవ్వలేదు. దిమ్మ మీది బెరడు పట్టుకున్నాడు. "దీన్ని ఒకేచోట కొడుతూ పోతే?"

"పలచబడి చిరుగుతుంది."

"చిరిగేముందు అరుస్తుందా?"

"బెరడెక్కడైనా అరుస్తుందా?"

"నీ నరమూ అరవదత్తా. లోపల్నుంచి రక్తం దాన్ని గట్టిగా కొడుతూనే ఉంది. నొప్పి లేదుగదా అని ఊరుకుంటే ఏదో పూట తలలో చిట్లుతుంది. లూపెకి అదే జరిగింది."

సుత్తులు ఆగిపోయాయి. లెసియెలికి దుఃఖమూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. "ఈ ముక్క దానికెందుకు చెప్పలేదురా?"

"చెప్పలేదు. తప్పు నాదే. ఒంటికి పరిగెత్తించని మాత్ర ఇంకోటుంది, అది రాస్తా."

ఆ మాత్ర ఆమె రోజూ మింగింది. తర్వాతి నెల ఆసుపత్రిలో, వరసలో ఆమె ముందున్న ముసలాయన డాక్టరు చెప్పిందంతా విని "ఊ" అన్నాడు.

"ఏం అర్థమైందని ఊ కొట్టావు బావా?" లెసియెలి బల్ల మీంచే గద్దించింది.

నర్సు పరుగున వచ్చింది. "నోర్ముయ్ పిన్నీ! డాక్టరంటే గౌరవం లేదా?"

"ఆ గౌరవంతోనే నా చెల్లెల్ని పూడ్చుకున్నాను. నోరు మూయను. అడుగు బావా!"

ముసలాయన డాక్టరు వైపు తిరిగాడు. "నాకేం అర్థం కాలేదు బాబూ," అన్నాడు.

హావిలి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ముందు నీ సంగతి చెప్పు తాతా. రోజంతా ఏం చేస్తుంటావు?"