బట్టలుతికే బండ కింది బోరు

2022 ఎండాకాలం. చాలా ఏళ్లు నగరాల్లో మెట్రో సొరంగాల కోసం నేలను గట్టిపరిచే పని చేశాక, మొదటిసారి సొంత జిల్లాలో ఇంజనీరుగా అడుగుపెట్టాను. మాది ఎల్లారెడ్డి. పని మాత్రం కామారెడ్డి శివారులో. రైలు పట్టాల కింద నుంచి బండ్లు పోవడానికి దారి వేస్తున్నారు. మెట్రోలో అయితే సొరంగం తవ్వే యంత్రం ఉంటుంది. ఇక్కడ బయట పోసిన పెద్ద కాంక్రీటు పెట్టెను జాకీలతో మెల్లగా పట్టాల కిందికి నెడతారు. దాన్ని బాక్స్ పుషింగ్ అంటాం. పైన రైళ్లు నడుస్తూనే ఉంటాయి.

రెండు చోట్లా మాకు చిక్కు తెచ్చేది మెత్తరాయే. మన దగ్గర మొరం అంటామే, అది. ఎండలో గడ్డపారకు లొంగదు, తడిస్తే పిడికిట్లో పిండి అవుతుంది. అందుకే ముందు గ్రౌటింగ్ చేస్తాం. అంటే నేలలోకి సన్నటి రంధ్రాలు వేసి, సిమెంటు కలిపిన నీళ్లను ఒత్తిడితో ఎక్కించడం. పగుళ్లు నిండేకొద్దీ పంపు మీది గేజ్ ముల్లు పైకి లేస్తుంది. ముల్లు లేస్తేనే మాకు అన్నం సహిస్తుంది.

పట్టాలకు దగ్గరగా బాలవ్వ, ఎల్లయ్యల ఇల్లుంది. వాళ్లు మహమ్మద్‌నగర్ నుంచి ఎప్పుడో వచ్చి, ఇక్కడ కొంచెం జాగాలో కూరగాయలు పండించి బతికారు. ఇప్పుడు బాలవ్వ బీడీలు చుడుతుంది, ఎల్లయ్య అరుగు మీద కూర్చొని ఆకులు కత్తిరించి ఇస్తాడు. నేను వాళ్ల దిక్కు పిల్లనని తెలిసిన రోజు నుంచి సైటులో చాయ్ తాగనివ్వలేదు. "గా చాయ్ తాగి కడుపు ఖరాబు జేసుకుంటవా బిడ్డా" అని బాలవ్వ గిన్నె పొయ్యి మీద పెట్టేది.

సరిగ్గా వాళ్ల ఇంటి పక్క రంధ్రం దగ్గరే ముల్లు లేవలేదు. బస్తా తర్వాత బస్తా కలుపుతున్నాం, అంతా బూడిదలో పోసిన పన్నీరే. "ఎంత వోసినా మింగుతనే ఉన్నది మేడం" అన్నాడు పంపు నడిపే సలీం. ఆపించాను. కింద ఎక్కడో బావో, బోరో నోరు తెరుచుకుని ఉందన్నమాట. దాన్ని పూడ్చకుండా పెట్టెను నెడితే పక్క నేల జారుతుంది. ముందు కుంగేది బాలవ్వ వంటిల్లే. పని మొదలయ్యే ముందు ఇల్లిల్లూ తిరిగి అడిగినప్పుడు మాత్రం వాళ్లు ఏమీ లేవన్నారు.

వెళ్లి మళ్లీ అడిగాను. "లేదు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ తొందర చూసే నాకు అనుమానం వచ్చింది.

"దాస్తే నీ వంటిల్లే కూలుతది అవ్వా" అని చెప్పి బయటికి వచ్చాను.

బాలవ్వ నా వెనకే వాకిలి దాటి వచ్చింది. "బట్టలుతికే బండ కింద బోరున్నది బిడ్డా. ఎడ్లను అమ్మి ఏయించిండు. సుక్క నీళ్లు వడలే. గా ఎడ్లంటె ఆయనకు పానం. ఆయన ముంగట బోరు మాట ఎత్తకు."

నాకు అర్థమైంది, ఎత్తనని మాటిచ్చాను. మా ఇంట్లోనూ అంతే. పడని బోరు పేరు, దాన్ని వేయించిన మనిషి ముందు ఎవరూ ఎత్తరు.

మర్నాడు ఎల్లయ్య దగ్గర కూర్చొని, బోరు ఊసెత్తకుండా, "బాపూ, పనికి అడ్డమొస్తున్నది, ఆ బండ కొంచెం జరపాలె" అన్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"దాని కింద బోరున్నది బిడ్డా. పాయింటు సూశింది ఆమెనే. కొబ్బరికాయ ఆమె చేతుల లేశి నిలవడ్డది. నీళ్లు వడకపాయె. అప్పుడు అన్నం గూడ ముట్టలే. ఆమె ముంగట అనకు."

అరచేతిలో కాయ పెట్టుకొని నడిస్తే, నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని మా దిక్కు నమ్మకం. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ అలాగే మాటిచ్చి అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. బండ తీసే రోజు బాలవ్వ ఆయనను గడ్డం గీయించుకొని రమ్మంది. ఆయన ఆమెను బీడీలు అప్పజెప్పి రమ్మన్నాడు. ఇద్దరూ కదల్లేదు. నాకు ఓపిక తక్కువ.

"ఇద్దరు నాకు చెప్పిన్రు. ఇద్దరికి ఎరుకే. ఇగ బండ తీస్తున్న" అన్నాను.

దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ నిలబడిపోయారు. బాలవ్వ ఆయన వైపు చూడకుండానే అంది, "ఎడ్లు వాయె. నన్ను ఒక్క మాట గూడ అనకపోతివి."

"ఏమంట? నువ్వు సూపెట్టినవు, నేను ఏయించిన" అన్నాడు ఎల్లయ్య.

గడ్డపారలతో బండ లేపితే బోరు నోట్లో దింపిన కేసింగ్ పైపు తుప్పు పట్టి కనిపించింది. దాంట్లోకి అడుగు దాకా గొట్టం దింపి, చిక్కటి సిమెంటు కిందినుంచి పైకి నింపాలి. సలీం పంపు మీద చెయ్యి వేయగానే ఎల్లయ్య ఆగమన్నాడు. ఇంట్లోంచి కొబ్బరికాయ తెచ్చి, బోరు వేసేటప్పుడు కొట్టినట్టే, పైపు పక్కన కొట్టాడు. సాయంత్రానికి సిమెంటు అంచుదాకా వచ్చింది. బాలవ్వ వంగి చూసింది.

"గీ బోరు నిండంగ సూస్తననుకోలే" అంది.

"నీ కాయ అబద్ధమాడలే" అన్నాడు ఎల్లయ్య.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. నేను పంపు కడిగే వంకతో అటు తిరిగాను.

బోరులోని సిమెంటు గట్టిపడ్డాక పక్క రంధ్రం దగ్గర ముల్లు లేచి నిలబడింది. పెట్టె పట్టాల కింద నుంచి సాఫీగా వెళ్లింది. వంటింటి గోడ బీట కూడా వారలేదు. బండను మళ్లీ అక్కడే వేయించాం. ఇప్పుడు ఏ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగినా బోరుందా అని ఆలుమగలను కలిపి అడగను, విడివిడిగా అడుగుతాను. ఇద్దరూ లేదంటే మళ్లీ వెళ్తాను. దాచారని కోపం మాత్రం తెచ్చుకోను. ఎవరి కోసం దాచారో తెలిసేదాకా చాయ్ తాగుతూ కూర్చుంటాను.