పేరు నాదే అన్న లచ్చమ్మ

రెండు వేల పది దాటిన కొత్త రోజులవి. కిరండూల్ నుంచి విశాఖకు ఇనుప ఖనిజం గూడ్సులు తెరిపి లేకుండా నడిచేవి. గనుల చుట్టూ తిరిగే కొందరు ఉద్యోగుల మేడలు వాళ్ల జీతాలకు అందనంత ఎత్తు లేచాయి. నేను జగదల్‌పూర్ కోర్టులో దుబాసీని. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ లైన్లోనే గ్యాంగ్‌మన్‌గా చేశాడు. హిందీ, హల్బీ, గోండీ నాకు రైల్వే క్వార్టర్ల వాకిట్లోనే వచ్చాయి.

ఆ కేసు ఒక ఖనిజ రవాణా అధికారిది. ఆదాయానికి మించిన ఆస్తి అని తేలితే, ఎవరి పేరున ఉన్నా జప్తు చేసే అధికారం కోర్టుకు ఉంది. కాగితం మీది పేరొక్కటే చూడరు, ఆస్తి ఎవరి అదుపులో ఉందో కూడా చూస్తారు. ఆయన కట్టించిన రెండంతస్తుల మేడ వంటమనిషి లచ్చమ్మ పేరున ఉంది. అప్పటికే అటాచ్‌మెంట్ అయింది, అంటే తీర్పు వచ్చేదాకా అమ్మడానికి వీల్లేదు. మేడ లచ్చమ్మదేనని చెప్పించడానికి అధికారి వకీలు ఆమెనే సాక్షిగా పిలిచాడు. ఆమెది తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు. తెలుగు వచ్చు, హిందీ అంతంత మాత్రం.

“ఈ ఇల్లు నీదేనా?” అని వకీలు హిందీలో అడిగితే తెలుగులో చెప్పాను.

“పేరు నాదే,” అంది లచ్చమ్మ. అదే హిందీలో చెప్పాను.

“అంటే ఇల్లు తనదేనని. అలా రాసుకోండి,” అన్నాడు వకీలు.

“లేదండీ. పేరు నాదంది, ఇల్లు నాదనలేదు,” అన్నాను.

“మీ పని తర్జుమా. వకాల్తా కాదు!” అని కసిరాడు.

అందరూ నా వైపే చూశారు. సాక్షిలాగే దుబాసీ కూడా ప్రమాణం చేయాలి. “ప్రమాణం చేసిన నోటితో ఆ మాట మార్చలేనండీ,” అన్నాను జడ్జిగారితో.

ఆయన ఆమె మాట ఉన్నదున్నట్టు రాయించి తానే అడిగారు: “ఆ మేడలో నువ్వు ఉంటావా?”

లచ్చమ్మ బోనులోంచి నా వైపు వంగింది. “నిజం జెప్తే నన్ను లోపలేస్తరా ఏంది అక్కా?”

భయం లేదు, చెప్పు అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దుబాసీకి సొంత మాట ఉండకూడదు. ఆమె అడిగింది అడిగినట్టే జడ్జిగారికి వినిపించాను. ఆయన కలం కింద పెట్టారు.

“నువ్వు జవాబు చెప్పి తీరాలి. కోర్టు అలా అన్నాక చెప్పిన జవాబుతో నీ మీద కేసు నడపరు. ఉన్నది చెప్పు.”

అది తెలుగులో వినగానే ఆమె కొంగు సర్దుకుని తిన్నగా నిలబడింది.

“ఎనక రేకుల షెడ్డుల ఉంటున్న. మేడ ఊడ్సనీకే పోత. తాళాలు సార్ కాడుంటయి. కిరాయోళ్లను ఆయనే పెడతడు, ఆయనే ఎల్లగొడతడు. ఏలుముద్ర ఎయ్యమంటే ఏసిన. నాకా ఇల్లు వద్దు.”

మేడ జప్తయింది. లచ్చమ్మ మీద కేసు పెట్టలేదు కానీ, వంటపని పోయింది. రెండేళ్లకు దోర్నపాల్ సంతలో చింతపండు అమ్ముతూ కనిపించింది. పక్క దుకాణాల వాళ్లను పిలిచి మరీ నన్ను చూపించింది: “కోర్టుల నా మాట పొల్లుపోకుండ జెప్పినక్క ఈమెనే!”

అంతకంటే పెద్ద మెప్పు నా ఉద్యోగంలో నాకు దక్కలేదు. సాక్షికి ధైర్యం నేను పోయనక్కర్లేదని ఆ కేసు నేర్పింది. ధైర్యం ఆమె దగ్గరే ఉంది. ఆమె మాటను చెక్కుచెదరకుండా చేరవేయడమే నా పని.