నూకల్ని బియ్యమన్నది ఎవరు

ఆదివారం పదకొండింటికి మా ఇంట్లో టీవీకి అడ్డంగా ఎవరైనా నడిస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా ఆయనకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ గంటసేపూ మా రైసుమిల్లులోనే ఉండిపోతాడు. ఆ వేళకు వచ్చేది పాత ఆట. పాతికేళ్ళ కింద ఆడవాళ్ళ కోసం నడిచిన పోటీ. ఇప్పుడు అదే ఛానెల్ వాళ్ళు మళ్ళీ వేస్తున్నారు. వేస్తున్నారంటే సరిగ్గా వేస్తున్నారని కాదు. ఒక వారం మూడో భాగం, పై వారం పదకొండోది, ఆ పై వారం మళ్ళీ మూడోదే. మధ్యలో మోకాళ్ళ నొప్పుల తైలం ప్రకటన. అది ముగిసేసరికి ఆటలో ఒక జంట ఓడిపోయి కూర్చుని ఉంటుంది. ఎందుకు ఓడిందో మనకు తెలియదు.

ఆ ఆటంటే పిచ్చి ఉన్నవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొదలుపెట్టింది సూర్యాపేటలో రిటైరైన లెక్కల సారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళవాళ్ళమే నలభై మందిమి దాకా ఉంటాం. జవాబుకు ముందు కొట్టే గంట యాంకరమ్మకు ఎడమ పక్కన ఉండేదా కుడి పక్కన ఉండేదా అని ఒకసారి మూడు రోజులు కొట్టుకున్నారు. కోదాడ టీచరమ్మ ఒకావిడ ఉంది, ఏ గొడవ వచ్చినా "రూలంటే రూలేనండీ" అని తీర్పు చెప్పేస్తుంది. ఆ ఆటకు రూల్స్ తనే రాసినట్టు!

నా బాధ వేరు. ఆ ఆట నేను చూడటమే కాదు, ఆడాను కూడా. అప్పటికి నా పెళ్ళయి ఆరు నెలలు. మా బావగారి భార్య, అంటే నా యారాలు, కోదాడ పిల్ల. ఆమెను నేను అక్కా అంటాను. ఇద్దరం సరదాకు ఉత్తరం రాస్తే పిలుపు వచ్చింది. హైదరాబాద్ వెళ్ళి ఆడాం. జంటలుగా ఆడే పోటీ అది. మొదటి రెండు ఆటలూ గెలిచాం. చివరిది కుండ. మూతికి బట్ట కట్టిన కుండలో ఇద్దరూ చెరొక చెయ్యి పెట్టాలి. లోపల ఏముందో తడిమి చూసి, గంట కొట్టి, ఒక్క మాటలో చెప్పాలి. మొదట వచ్చిన మాటే లెక్క.

కుండలో ఉన్నవి నూకలు. మా జంట చెప్పిన జవాబు బియ్యం. అడుగడుగునా రైసుమిల్లులున్న మిర్యాలగూడ నుంచి, ఒక మిల్లు కోడళ్ళమై వెళ్ళి, నూకల్ని బియ్యమని ఓడిపోయి వచ్చాం. చేతి దాకా వచ్చిన వాషింగ్ మెషిన్ పోయింది. అది పోతే పోయింది, పరువు పోయింది. ఆ తర్వాత మా మిల్లుకు బేరానికొచ్చిన ప్రతివాడూ అరచేతిలో శాంపిలు పోసుకుని, "గివి బియ్యమేనా? జర మీ కోడండ్లను అడిగి చెప్పుండ్రి" అని నవ్వేవాడు.

మరి బియ్యమన్నది ఎవరు? నేను కాదు. పాతికేళ్ళుగా నేను చెబుతున్నది అదే. నేను నూకలన్నాను, అక్క తొందరపడి గంట కొట్టి బియ్యమంది. ఎందుకందో కూడా చెప్పేదాన్ని. మా అత్తమ్మ ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. బేరగాళ్ళు ముందుగదిలో కూర్చున్నప్పుడు ఆడవాళ్ళెవరూ నూకలన్న మాట ఎత్తకూడదు. ఆ మాట చెవిన పడితే ఈ మిల్లులో నూక ఎక్కువ పడుతుందేమోనని కొనేవాడికి అనుమానం పుడుతుందట. ఉప్మాకు నూకలు కావాలంటే "చిన్నబియ్యం" అనాలి. మా ఇంటి పిల్లలకు బడికి పోయేదాకా వాటి అసలు పేరు తెలియదు. పెద్దకోడలు ఏళ్ళ తరబడి ఆ పద్ధతిలో నలిగింది కదా, అంతమంది ముందు నూకలనడానికి నోరు రాక బియ్యమనేసింది. ఇదీ నా కథ.

ఈ కథను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు. నేను అక్కలాగా గంట కొట్టి, కళ్ళు పెద్దవి చేసి, "బియ్యం!" అనగానే పడీపడీ నవ్వేవాళ్ళు. అక్క అక్కడే ఉన్నా కొంగు సర్దుకుంటూ వేరే ఎటో చూసేది.

ఇంట్లోవాళ్ళు ఆ భాగాన్ని చూడలేదా అంటే, చూడలేదు. అది మొదటిసారి వచ్చిన మధ్యాహ్నం మా ఊళ్ళో కరెంటు కోత. ఇంటిల్లిపాదీ నల్లటి టీవీ ముందు కూర్చుని లేచాం. సూర్యాపేట చుట్టాలు చూసి ఫోన్ చేసి, "మీ కోడండ్లు నూకలను పట్టుకొని బియ్యమన్నరు" అన్నారు గానీ, ఏ కోడలన్నదో చెప్పలేదు. తర్వాత కొన్నాళ్ళకు బావగారు వేరుపడి కోదాడ వెళ్ళిపోయారు. అక్కకూ నాకూ మాటలు శుభకార్యాల వరకే మిగిలాయి. ఆమె కూడా గ్రూపులో ఉంది గానీ ఒక్క ముక్క రాయదు.

పాత భాగాలు మళ్ళీ మొదలయ్యాయనగానే నేను గ్రూపులో నా కథంతా రాసి పెట్టాను. ఇప్పుడు వీడియోనే సాక్ష్యం చెబుతుందని నా ధీమా. లెక్కల సారు, "వస్తే తెలుస్తదమ్మా, జర ఓపిక పట్టు" అన్నాడు. కోదాడ టీచరమ్మ ఊరుకుంటుందా? "జవాబు ఇద్దరిదీ కలిపేనండీ. ఎవరన్నా ఒకటే. ఓడింది జంట" అని రాసింది. నాకు ఒళ్ళు మండింది. నా నోటి నుంచి రాని మాటకు నేనెందుకు ఓడాలి? వేళ్ళు నొప్పి పుట్టేదాకా టైపు చేసి జవాబు పంపితే, దాని కిందనే ఎవరో గులాబీ పూల శుభోదయం పెట్టారు. ఆ కింద ఇంకొకావిడ, ఆ భాగంలో యాంకరమ్మది ఆకుపచ్చ చీర అని రాసింది. కాదు నీలం అని ఇంకొకరు. సాయంత్రం దాకా చీర రంగే. నా గోడు ఎవరికీ పట్టలేదు.

ఛానెల్‌కు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, పాట వినిపించింది. చివరికి ఒక అమ్మాయి పలికి, "మీ సూచన నమోదు చేసుకున్నాం మేడం" అంది. "సూచన కాదు తల్లీ, నా ఇజ్జత్" అన్నాను. పెట్టేసింది.

ఎనిమిది వారాలు గడిచాక, రాబోయే భాగం ప్రకటనలో నా నెమలికంఠం రంగు చీర కనిపించింది. రెండు క్షణాలే. గ్రూపులో వార్త గుప్పుమంది. అందరం కలిసి చూద్దామని సారు సూర్యాపేటలో తన ఇంటికి పిలిచాడు. నేనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నువ్వు జరూర్ రావాలె."

"ఎందుకులే చెల్లీ, పాత సంగతులు."

"పాత సంగతులే కదక్కా వాళ్ళు ఏస్తున్నది."

చివరికి "సరే, వస్తాలే" అంది. ఎందుకు పిలిచానో దాచుకోవడం ఎందుకు? నలుగురి ముందు, ఆమె ముందే తేలిపోవాలని పిలిచాను.

ఆ ఆదివారం సారు ఇంట్లో పదిహేను మందిమి చేరాం. సారు భార్య కావాలనే నూకల ఉప్మా చేసి పెట్టింది. అందరూ నవ్వారు, నేనే అందరికన్నా గట్టిగా నవ్వాను. అక్క గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ప్లేటు తీసుకుంది గానీ తినలేదు.

ఆట మొదలైంది. మేమిద్దరం తెర మీదికి వచ్చాం. సన్నగా, తలనిండా పూలతో, భయం భయంగా నేను. నా చెయ్యి పట్టుకుని నడిపిస్తూ అక్క. మొదటి ఆట, రెండో ఆట, మధ్యలో తైలం. ఆ తర్వాత కుండ. ఎన్నడూ లేనిది, ఆ కుండ ఆటకు ఒక్క ప్రకటనా అడ్డం రాలేదు.

ఇద్దరం చేతులు పెట్టాం. అక్క ముఖం విప్పారింది. నా చెవి దగ్గరికి వంగింది. మెడ దగ్గర పెట్టిన మైకు ఆ గుసగుసను పట్టేసింది.

"నూకలే చెల్లీ. నూకలని చెప్పెయ్."

తెర మీది నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. గంట కొట్టింది నా చెయ్యి. "బియ్యం" అన్నది నా గొంతు. అంతటితో ఆగానా? కెమెరా వైపు తిరిగి, "మంచి బియ్యం. మా మిల్లు బియ్యం లెక్కనే ఉన్నయ్" అన్నాను.

గదిలో ఎవరూ నవ్వలేదు. కోదాడ టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సారు చేతిలోనే ఉన్న రిమోట్ కోసం సోఫా అంతా వెతికాడు. నేనేమన్నానో చెబితే మీరు నమ్మరు.

"గిది ఎడిట్ చేసిన్రు. గొంతులు మార్చిన్రు. గిప్పుడు కంప్యూటర్ల లేని మనుషులనే తయారుచేస్తున్నరు, గొంతు మార్చుడెంత పని?"

అందరూ అక్క వైపు చూశారు.

"అయ్యుంటదిలే" అంది అక్క. లేచి, ఖాళీ ప్లేట్లన్నీ ఏరుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తేలు కుట్టిన దొంగలా నేను అలాగే కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే. అది ఎటూ పోలేదు, నేనే దాని వైపు చూడటం మానేశాను. హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు, నూకల్ని బియ్యమని ఓడిపోయామని చెప్పగానే అత్తమ్మ గడపలోనే నిలబెట్టి, "ఎవ్వతే నా పరువు తీసింది?" అని అడిగింది. అత్తమ్మ కోపం ఎరిగిన నేను అక్క వెనక్కి జరిగాను. మిల్లు పేరు చెప్పుకుని వెళ్ళి, అందరి ముందు నూకలంటే అత్తమ్మ ఏమంటుందోనని భయపడి బియ్యమన్నది నేను. నేను నోరు తెరిచేలోపే అక్క ముందుకొచ్చింది. "నేనే అత్తమ్మా. తొందరపడ్డా" అంది. పెద్దకోడలు కాబట్టి అత్తమ్మ నాలుగు తిట్టి వదిలేసింది.

ఆ రోజు నాకు నిజం తెలుసు. మరుసటి ఏడు కూడా తెలుసు. మూడో ఏడు ఒక పెళ్ళిలో ఎవరో అడిగితే, నవ్వించడానికని అక్క మీద పెట్టి చెప్పాను. నవ్వారు. నవ్వినకొద్దీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది.

సూర్యాపేట బస్టాండులో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆమెది కోదాడ బస్సు, నాది మిర్యాలగూడ బస్సు. నేనే అడిగాను.

"అక్కా, గిన్నేండ్లల్ల ఒక్కసారన్నా నువ్వు కాదని ఎందుకు అనలేదు?"

ఆమె బస్సులు వచ్చే వైపే చూస్తోంది.

"అత్తమ్మకి నేనే అన్నానని ఒక్కసారి చెప్పా. అది కూడా నువ్వు వణికిపోతున్నావని. నువ్వేమో పాతికేళ్ళు చెప్పావు. నా కూతురి పెళ్ళిలో, మా వియ్యాలవారి ముందు గంట కొట్టి మరీ చూపించావు. వాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే బియ్యమంటారు."

కోదాడ బస్సు వచ్చింది. ఆమె సంచి తీసుకుని ఎక్కింది. నేను లేచేసరికి కండక్టర్ తలుపు వేశాడు.

నా బస్సులో కూర్చుని గ్రూపులో రాశాను. బియ్యం అన్నది నేనే, అక్క నూకలే అన్నది, ఇన్నేళ్ళూ నేను చెప్పింది అబద్ధం అని. కోదాడ టీచరమ్మ వెంటనే జవాబిచ్చింది, "ఒప్పుకోవడానికి పెద్ద మనసు కావాలండీ" అని. పెద్ద మనసు ఎవరిదో ఆవిడకేం తెలుసు? ఆ కింద ఎవరో, చీర ఆకుపచ్చేనని ముందే చెప్పాం కదా అని రాశారు. ఆ తర్వాత మళ్ళీ చీర గొడవే.

అక్కకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మిర్యాలగూడ వచ్చేలోపు ఇంకో మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. ఎవరైనా నా ఫోన్ ఎత్తకపోతే నాకు ఎంత కోపమొస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ కోపం కోసం చూశాను, రాలేదు.