కిటికీ గట్టు మీది గ్లాసు

మొన్న మంగళవారం పొద్దున మణికొండలో మా అపార్ట్‌మెంటు పక్క స్థలంలో పునాదుల కోసం బండ పగలగొడుతుంటే, బల్ల మీది టీ కప్పులో సన్నగా వలయాలు లేచాయి. నాకు తెలియకుండానే మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. డెబ్బై నాలుగేళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

1998 జూన్‌లో నేను మాదాపూర్ దాటాక ఉన్న ఒక రేకుల కప్పు బడిలో ఎల్‌కేజీ టీచరుగా చేరాను. ఇరవై ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద అద్దాల కిటికీ, దానికెదురుగా బండరాళ్ల గుట్ట. కంప్యూటర్ కంపెనీల భవనాల కోసం ఆ గుట్టను అవతలి కొస నుంచి రోజూ పన్నెండున్నరకు పేల్చేవారు. ముందుగా ఎర్రజెండా మనిషి ఈల ఊదేవాడు. ఆ ఈలకే పిల్లలు ఏడుస్తూ నా కుచ్చెళ్లు పట్టుకునేవారు.

ఆ భయం పోగొట్టాలనే కిటికీ గట్టు మీద గాజు గ్లాసుతో నీళ్లు పెట్టాను. ఈల వినగానే అందరూ కిటికీ దగ్గరికి రావాలి. నేలలోంచి వచ్చే అదురు ముందు చేరి నీళ్లు వణుకుతాయి, గాలిలోంచి వచ్చే చప్పుడు వెనక వస్తుంది, ఆ రెంటికీ మధ్య చప్పట్లు కొడుతూ లెక్కపెట్టాలి. వారం తిరిగేసరికి ఏడ్చిన పిల్లలే ఈల కోసం ఎదురుచూడసాగారు. ఆ అంకెను నేను తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. జులైలో నాలుగు, దసరా సెలవుల తర్వాత మూడు, డిసెంబరులో రెండు.

మా ఆయా ఆ ఊరి మనిషే. ఆమె మనవరాలు ఆ తరగతిలోనే ఉండేది, గొంతు పెద్దది కనుక లెక్క చెప్పే పని ఆ పిల్లదే. ఒకరోజు ఆయా ఊడుస్తూ ఆగింది.

"టీచరమ్మా, పోరగాండ్లకు భయం లేకుంట చేసిన్రు. జర భయం ఉండాలె."

చప్పుడు ఎలా పుడుతుందో తెలిస్తే భయమెందుకన్నాను.

"నాలుగాయె, మూడాయె, రెండాయె. మీ లెక్కనే చూడుర్రి, ఇగ మిగిలిందెంత?"

నీకూ తీసివేతలు వచ్చేశాయే అని నవ్వాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఈల మోగగానే ఇరవై ఇద్దరూ నేర్పినట్టే పరుగెత్తి అద్దాలకు ముఖాలు ఆనించారు. ఎర్రజెండా అంత దగ్గరగా కనిపించడం నేను చూసేలోపే ఆయా చీపురు పారేసి, పిల్లల్ని వెనక్కి తోసి, కిటికీకి వీపు పెట్టి నిలబడింది. నీళ్లు వణకడమూ చప్పుడు రావడమూ ఒక్కసారే జరిగాయి. అద్దమంతా ఆమె వీపు మీదికి వచ్చింది. ఆమె చేతుల కింది నుంచి మనవరాలు చప్పట్లు కొడుతూ, "సున్నా టీచర్!" అని సంతోషంగా అరిచింది.

ఆయా వీపుకు పదకొండు కుట్లు పడ్డాయి. ఎడమ చెవి మళ్లీ వినపడలేదు. ఈల వినపడితే బల్లల కింద దూరమని పిల్లలకు కొత్తగా నేర్పబోయాను కానీ, ఏడాది ముగిసేదాకా వాళ్లు చెక్కలు కొట్టి మూసిన ఆ కిటికీ దగ్గరికే పరుగెత్తేవారు.

ఇప్పుడక్కడ గుట్ట లేదు, నేల నుంచి పై అంతస్తు దాకా అద్దాలే ఉన్న మేడలున్నాయి. ఆ పిల్లలందరికీ ముప్పై దాటి ఉంటాయి, కొందరైనా ఆ మేడల్లోనే పనిచేస్తూ ఉంటారు. ఎప్పుడైనా నేల అదిరితే వాళ్ల కాళ్లు ముందు ఎటు కదులుతాయో వాళ్లకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు.