టెంటు కింద పాఠం

నా చిన్నప్పుడు పదకొండు రోజులు యూనివర్సిటీలో చదివాను. మరుసటి ఏడు ఐదో తరగతి దాటలేక బడి మానేశాను. ఈ వరుసలో చదివినదాన్ని మణికొండ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా వాడకట్టు చివర అప్పట్లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉండేది. ఇప్పుడు అక్కడ అద్దాల టవరు. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నా తమను పర్మినెంటు చేయడం లేదని అక్కడి లెక్చరర్లు గేటు బయట టెంటు వేసి సమ్మెకు కూర్చున్నారు. పరీక్షలు నెలలోపే ఉన్నాయి. పాఠాలు ఆగితే పరీక్షలు ఆగుతాయి, పరీక్షలు ఆగితే యాజమాన్యం దిగివస్తుంది. వాళ్ల చేతిలో ఉన్న బలమల్లా అదే.

పక్కింటి అక్క అక్కడే చదివేది. సార్లంటే ప్రాణం. తోటివాళ్లను ముప్పైమందిని పోగుచేసి, నన్నూ వెంటేసుకుని టెంటుకు వెళ్లింది. "సార్, మీ తోడు మేమూ కూసుంటం. ఊకె కూసునుడెందుకు, గీడనే పాఠం చెప్పుండ్రి. తొవ్వల పోయేటోళ్లందరు మీ విలువ చూస్తరు," అంది.

"పాఠం ఆపితేనే గద బిడ్డా, మేం వాళ్లకు యాదికొచ్చేది," అన్నాడు లెక్కల సార్. అప్పటికే ముప్పై నోటుబుక్కులు తెరుచుకున్నాయి. ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. సమ్మెకు వస్తూ కూడా సుద్దముక్క జేబులో వేసుకొచ్చిన మనిషిని ఏం చేస్తాం!

ప్రహరీగోడే బోర్డు అయింది. రోజురోజుకీ వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. నేను ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా తల ఊపేదాన్ని. "ఏందే, సమజైందా?" అని సార్ అడిగితే, "మీకైంది గద సార్, సాలు," అన్నాను. టెంటంతా నవ్వింది. ఆయన కూడా.

పన్నెండో రోజు గేటుకు కాగితం అంటించారు. పాఠాలన్నీ పూర్తయ్యాయి కనుక పరీక్షలు అనుకున్న తేదీకే జరుగుతాయట. రాయబోమని మొండికేసిన పిల్లలను సార్లే బతిమాలి లోపలికి పంపారు. పరీక్షలయ్యాక టెంటు విప్పారు. సెలవుల తర్వాత కొత్త సార్లు వచ్చారు.

టెంటు విప్పుతున్న రోజు అక్క లెక్కల సార్‌ను ఏడుస్తూ అడిగింది. "గిట్లయితదని మీకు ముందే ఎరుకేనా సార్?"

"ఎరుకే."

"మరెందుకు చెప్పిండ్రు?"

"మీరడిగిండ్రు గద."

అక్క ఫస్టు క్లాసులో పాసైంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్లకు నానక్‌రామ్‌గూడలో ఏదో ఆఫీసు గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్ల పేర్లు రిజిస్టరులో రాస్తూ సార్ కనిపించాడట. అక్క ఆటో దిగలేదు.

ఇప్పటికీ ఎక్కడైనా సమ్మె టెంటు కనిపిస్తే ఆగుతాను. నోరు ఊరుకోని మనిషిని, అక్కడ మాత్రం జోకు రాదు. వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాను. ఏదో ఒక మేలు చేద్దామని చెయ్యి లేస్తుంది. ఆ చేతిని తొడ కింద నొక్కిపెట్టి కూర్చుంటాను.