దసరా పీట

కోవిడ్ రెండో ఏడు. ఐర్లండ్‌లోని అత్లోన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆంజనేయప్రసాద్‌కి కాళ్లు కొయ్యబారిపోయే జబ్బు. డాక్టరు రాసిచ్చిన గంజాయి నూనె నాలుక కింద వేసుకుంటేనే నాలుగడుగులు వేయగలడు. ఆదివారం క్లబ్బుకెళ్లి, గాల్లోకి ఎగరేసే మట్టిబిళ్లల్ని తుపాకీతో కాల్చడమొక్కటే ఆయన సరదా. ఏటా దసరాకి ఆ తుపాకీని మెత్తటి గుడ్డతో తుడిచి, పీట మీద పెట్టి, బొట్టు పెడతాడు. ఈసారి బొట్టు ఆరకముందే గుమ్మంలోకి అక్కడి పోలీసు గార్డు వచ్చాడు.

"మీరు గంజాయి నూనె వాడుతున్నారని లైసెన్సు రద్దు చేశారు. ఇక తుపాకీ మీ దగ్గర ఉండకూడదు, సారీ," అన్నాడు మాస్కు సర్దుకుంటూ.

"నూనె మానేస్తాను," అన్నాడాయన ఇంగ్లీషులో.

"మానేస్తే మంచం దిగగలరా?" తెలుగులో గొణిగింది భార్య శాంత.

ఆయన తుపాకీ ఇచ్చేశాడు. ఖాళీ అయిన పీట మీద శాంత ఆయన చేతికర్ర తెచ్చిపెట్టి, కుంకుమ భరిణె అందించింది. ఆయన భరిణెకి మూత పెట్టేశాడు.